మాకేమీ రావాల్సింది లేదు

"గేటేసినవా?" అన్నాడు ఆయన.

"మనకు గేటెక్కడిదయ్యా!" అన్నాను నేను. వంటింట్లోంచే అన్నాను. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మధ్యాహ్నం అన్నం తిని మంచమ్మీద ఒరిగాడు. చాయ్ పెట్టి పిలిస్తే లేవలేదు. కాపురమంతా చేసి చివరికి ఒక గేటు దగ్గర మాట తెగిపోయింది. ఆ గేటు కూడా అప్పటికి మాది కాదు.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద నంబరు పోల్చుకుంటాను, అంతే. ఇప్పుడు నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, చదువు అయిపోయి, ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. "పెద్దమ్మా, మీ హోటల్ ముచ్చట చెప్పు, కొత్తగ వచ్చినోళ్ళు చదువుతరు" అని నా వెంట పడింది. దోసెల సంగతి చెప్పమంటే చెప్పేదాన్నే. కానీ మమ్మల్ని ఎరిగినవాళ్ళు దోసెల సంగతి అడగరు. ఇల్లెట్లా పోయిందని అడుగుతారు, అదీ నా ఎదుట కాదు. అందుకని ఇల్లు పోయిన సంగతే చెప్తాను. షాపు పెడదామనుకునే పిల్లలు వినండి. ఇంటిని చూపించి అప్పు తెచ్చే పిల్లలు వినండి. అందరికంటే ఎక్కువగా, మనసు మంచిదై ఎవరికో చేబదులిచ్చిన పిల్లలు వినండి. మీకోసమే ఈ గొంతు చించుకోవడం.

మాది పాపటోయిటోయి అనే పేటలో, సిటీకి రైలు దూరంలో, టిఫిన్ సెంటర్. ఇటు పక్క డెయిరీ, అంటే ఇక్కడివాళ్ళ కిరాణా కొట్టు. అటు పక్క మంగలి షాపు. మధ్యలో మేము. ఆయన కౌంటర్లో, నేను లోపల పొయ్యి దగ్గర. పొద్దున ఎయిర్‌పోర్టు వైపు గోడౌన్లకు డ్యూటీకి పోయేవాళ్ళు ఇడ్లీలు పార్సిల్ కట్టించుకునేవాళ్ళు. శని, ఆదివారాలు సిటీలో చదువుకునే పిల్లలు రైలెక్కి వచ్చేవాళ్ళు, పప్పూ చారూ కోసం.

ఈ దేశపు చలికి పిండి పులవదు. మొదటి ఏడు నేను దించిన ఇడ్లీలు గోడకేసి కొడితే గోడే పగిలేది. ఇల్లు కొన్నాక ఆ బాధ తీరింది. ఈ ఊరి పాత ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మారా ఒకటి ఉంటుంది, ఎప్పుడూ వెచ్చగా. ఇక్కడివాళ్ళు అందులో తువ్వాళ్ళు పెట్టుకుంటారు. నేను పిండి బకెట్లు పెట్టాను. ఇల్లు చూడబోయిన రోజు ఆయన పడకగదులు చూశాడు, పైకప్పు చూశాడు. నేను ఆ అల్మారాలో చెయ్యి పెట్టి చూసి "ఇదే కొందాం" అన్నాను. చెప్పొచ్చేదేమంటే, మా షాపు ఆ ఇంటి మీద నడిచింది. బ్యాంకు లెక్కలో మాత్రమే కాదు, పిండి లెక్కలో కూడా.

ఆ వీధిలో ఎవరి ఇంటికీ గేటు లేదు. కార్లు నేరుగా లోపలికి వచ్చేస్తాయి. ఆయన మాత్రం పట్టుబట్టి ఇనప గేటు చేయించి పెట్టించాడు. "గేటు లేనిది ఇల్లెట్లయితది? బస్టాండైతది" అనేవాడు. వేస్తే వీధంతా వినిపించేది. షాపు మూసి ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుంటూ అడిగేవాడు, "గేటేసినవా?" అని. "ఏసిన" అనేదాన్ని. ఆ మాటతో మాకు రోజు ముగిసేది.

ఆయన కౌంటర్లో ఎట్లా ఉండేవాడో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. చదువుకునే పిల్లలు తిన్నాక కార్డు పెడతారు. మెషిన్ వద్దంటుంది. పిల్లాడి ముఖం మాడిపోతుంది. వెంటనే ఈయన, "మెషిన్ ఖరాబైంది బిడ్డా, పొద్దుట్నుంచి గిదే లొల్లి, నువ్వు పో" అనేవాడు. పాపటోయిటోయి మొత్తంలో మా మెషిన్ అంత ఖరాబు మెషిన్ ఇంకోటి లేదు. నేను లోపలి నుంచి తిట్టేదాన్ని. "గట్ల ఊకె తినిపిస్తే బియ్యం ఎవలు తెస్తరు?" అంటే, "గా పోరనికి డ్యూటీ దొరకలేదే, ముఖం చూస్తే తెలుస్తలేదా?" అనేవాడు. ఎవరు ఎంత తిన్నారో ఎప్పుడూ రాసిపెట్టలేదు. అడగనూ లేదు.

అట్లా తిన్న పిల్లల్లో ముగ్గురి మాట చెప్తాను. ఒకడు కరీంనగర్ వైపు వాడు. ఇప్పుడు కొరియర్ వ్యాన్లు తిప్పుతున్నాడు. ఇంకొకతె గుంటూరు దగ్గరి పిల్ల, ఆస్పత్రిలో నర్సు. మూడోవాడు గోడౌన్లో సూపర్‌వైజరయ్యాడు. ఉద్యోగాలొచ్చినా ముగ్గురూ మా షాపుకి రావడం మానలేదు. నర్సమ్మ వస్తే నేరుగా వంటింట్లోకి వచ్చి నా చేతిలో గరిటె లాక్కునేది.

షాపు బాగానే నడుస్తోందని ఆయన సిటీలో రెండోది తెరిచాడు, కాలేజీల దగ్గర. పిల్లలు ఇంత దూరం రైల్లో రావడం ఎందుకు, మనమే వాళ్ళ దగ్గరికి పోదామన్నాడు. అందుకు ఇంటిని బ్యాంకుకు ఇంకోసారి చూపించాడు. తర్వాత కరోనా వచ్చింది. దేశం తలుపులేసుకుంది. ఉన్న పిల్లలు గదుల్లో ముడుచుకున్నారు, రావాల్సిన పిల్లలు రాలేదు. కొత్త షాపులో కుర్చీలు బల్లల మీద బోర్లించి అట్లాగే ఉండిపోయాయి. కిరాయి మాత్రం ఆగలేదు.

ఆ రోజుల్లో ఆ ముగ్గురూ వచ్చి ఆయన చేతిలో డబ్బు పెట్టారు. మేము అడగలేదు. వ్యాన్ల పిల్లాడు ఒక వ్యాను అమ్మేసి తెచ్చాడు. నర్సమ్మ వాళ్ళ అమ్మను ఇక్కడికి తెచ్చుకుందామని కూడబెట్టింది తెచ్చింది. గోడౌన్ పిల్లాడు ఇల్లు కొనడానికి దాచింది తెచ్చాడు. చిన్న మొత్తాలు కావు. కాయితం లేదు, వడ్డీ లేదు. "షాపు నడిచినప్పుడు ఇద్దురు అంకుల్" అన్నారు. షాపు నడవలేదు. తలుపులు తెరిచాక కూడా ఆ సిటీ షాపు కాళ్ళు నిలదొక్కుకోలేదు.

అందరికంటే ఎక్కువ బాకీ మాకు సరుకులిచ్చే ఆయనకు. ఫిజీ నుంచి వచ్చిన పెద్దమనిషి. నేను భయ్యా అనేదాన్ని, ఆయన నన్ను బహన్ అనేవాడు. చాలాకాలం ఓపిక పట్టాడు. తర్వాత కోర్టుకు పోయాడు, మా ఆయన దివాలా తీసినట్టు ప్రకటించమని.

మా లెక్కలు చూసే అకౌంటెంటు అబ్బాయి రాజమండ్రి వైపువాడు. ఇంటికొచ్చి కూర్చోబెట్టి చెప్పాడు. "కంగారు పడకండి అంకుల్. కోర్టు డేటు వచ్చేలోపు ఇంకో దారుంది."

"ఐపీ పెట్టమంటవా?" అని లేచాడు ఈయన. "మా ఊర్ల ఐపీ పెట్టినోని ఇంట్ల చాయ్ గూడ తాగరు."

"ఐపీ కాదండీ బాబూ, ముందు కూర్చోండి. ఐపీ అయితే ఇల్లు గవర్నమెంటోళ్ళ చేతిలోకి పోతుంది, అమ్మేస్తారు. ఇది ప్రపోజల్. మీరు ఇంత ఇవ్వగలను, ఇన్నేళ్ళలో నెలనెలా ఇస్తాను అని అప్పులోళ్ళకి చెప్తారు. వాళ్ళు ఒప్పుకుంటే మిగిలింది మాఫీ. బ్యాంకు వాయిదా మామూలుగా కట్టుకుంటూ పోతారు. ఇల్లు మీదే."

"వాళ్ళెందుకు ఒప్పుకుంటరు?"

"ఇల్లు అమ్మితే బ్యాంకు తీసుకోగా వాళ్ళకి వచ్చేది ఇంకా తక్కువ కాబట్టి."

అప్పిచ్చిన వాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి అడుగుతారట. తలల లెక్కన సగం కంటే ఎక్కువమంది సరే అనాలి. డబ్బు లెక్కన నాలుగు గరిటెల బాకీ ఉంటే మూడు గరిటెల వాళ్ళు సరే అనాలి. గరిటెల లెక్క నాదే, అప్పుడు నాకు నేను అట్లా చెప్పుకున్నాను. ఇప్పటికీ అట్లాగే గుర్తుంది. మూడు గరిటెలు. అంతకు ఒక్క చుక్క తగ్గినా ఇల్లు లేదు.

ఈ వ్యవహారం నడిపించడానికి ఒక ట్రస్టీ మేడమ్ ఉంది. ఇక్కడి తెల్లావిడ, నెమ్మదైన మనిషి. ఎవరెవరికి బాకీ ఉన్నావో చెప్పమని ఆయన్ని అడిగింది. సరుకులాయన, సిటీ షాపు ఓనరు, పన్నుల ఆఫీసు, ఫ్రిజ్‌లు అద్దెకిచ్చిన కంపెనీ, అన్నీ చెప్పాడు. "ఇంకా? చుట్టాలు, స్నేహితులు?" అని అడిగింది. అకౌంటెంటు అబ్బాయి ఆ ప్రశ్న తెలుగులో మళ్ళీ అడిగాడు, నాకోసం.

ఆయన "నో" అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

కార్లో ఎక్కగానే అందుకున్నాను. "పోరగాండ్ల పైసల ముచ్చట ఎందుకు చెప్పలే?"

"వాళ్ళు అప్పులోళ్ళా? మనోళ్ళు."

"మనోళ్ళ పైసలు పైసలు గావా?"

"నీకు తెల్వదు, ఊకో. గా కాయితంల ఎక్కితే వాళ్ళకు గూడ అందరితోని సమానంగ రూపాయికి ఆటాన చేతుల పెట్టి, అయిపోయింది పొమ్మనాలె. వ్యానమ్ముకున్నోనికి ఆటాన ఇస్తనా? నేను వాళ్ళకు నిండ రూపాయి ఇస్త. చచ్చేలోపల ఇస్త."

ఆ మాటకు మీరైనా ఏమంటారు? ఆయన దాచింది డబ్బు కాదు. పరువూ కాదు. ఆ పిల్లల రూపాయి తరిగిపోకుండా దాచాడు. అట్లా దాచడం ఈ దేశపు చట్టంలో తప్పని మాకు అప్పుడు తెలియదు. తెలిసినా ఆయన చెప్పేవాడు కాదేమో.

మీటింగు దగ్గరపడ్డాక నేను సరుకులాయన దగ్గరికి పోయాను. ఒక్కదాన్నే, బస్సులో. బియ్యం బస్తాల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆయనకు వచ్చిన హిందీలో ఆయన, నాకు వచ్చిన హిందీలో నేను. ఇల్లు నిలబెట్టమని అడిగాను.

"బహన్, ఇంతకుముందు మనవాడే ఒకడు ఇట్లాగే మీటింగు పెట్టాడు. నేను సరే అన్నాను. నాకు ఇంత చేతిలో పెట్టి, వాడు కొత్త కారు కొన్నాడు. నా కొడుకులు ఇప్పటికీ నవ్వుతారు నన్ను చూసి. ఈసారి వద్దనే అంటాను. నీ మీద కోపం లేదు," అన్నాడు.

నేను లేచి వస్తుంటే పనివాడిని పిలిచి ఒక మినప్పప్పు బస్తా మా ఇంటికి దింపి రమ్మన్నాడు. డబ్బులు అడగలేదు. ఇల్లు తీసుకుంటున్న మనిషి పప్పు ఇచ్చి పంపాడు. ఆ పప్పు నానబోశాను కూడా. మంచి పప్పు.

అకౌంటెంటు అబ్బాయి తల పట్టుకున్నాడు. సరుకులాయన వద్దంటే, మిగతా అందరూ సరేనన్నా మూడు గరిటెలు నిండవు. "ఇంకెవరూ లేరా అంకుల్? సరేననేవాళ్ళు ఒక్కరున్నా గట్టెక్కుతామండి" అన్నాడు. ఈయన "లేరు" అన్నాడు. మళ్ళీ కిటికీ.

నేను ఆగలేకపోయాను. ఆయన స్నానానికి పోయినప్పుడు వ్యాన్ల పిల్లాడికి ఫోన్ చేశాను. "బిడ్డా, గురువారం సిటీల మీటింగున్నది. మీరు ముగ్గురు రావాలె. ఆడ మేడమ్ అడుగుతది, ఉన్న మాట చెప్పుండ్రి. మా ఇల్లు నిలబడుతది" అన్నాను.

"గంతేనా ఆంటీ? అందరం వస్తం. నువ్వు ఫికర్ చేయకు," అన్నాడు.

ఉన్న మాట చెప్పమన్నాను. అంతకంటే విప్పి చెప్పడం నాకు చేతకాలేదనుకోకండి. అంతకంటే విప్పి చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. ఇచ్చినవాళ్ళకు ఇచ్చిన సంగతి తెలియదా?

మీటింగు ఒక ఎత్తైన బిల్డింగులో. పొడుగు బల్ల, నీళ్ళ గ్లాసులు, మధ్యలో ఫోను. రాలేనివాళ్ళు అందులోంచి మాట్లాడతారట. నేను చెక్కలు చేసి డబ్బాలో పట్టుకుపోయాను. పదిమంది కూర్చునే చోటికి ఉత్త చేతులతో ఎట్లా పోతాం? బల్ల మీద పెట్టి మూత తీశాను. ట్రస్టీ మేడమ్ నవ్వి థాంక్యూ అంది గానీ తీసుకోలేదు. పన్నుల ఆఫీసు మనిషి డబ్బా వైపు చూడనైనా లేదు. సరుకులాయన ఒక్కడే మర్యాదకు ఒక చెక్క తీసుకున్నాడు. తీసుకుని తినలేక, పెట్టలేక చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

మా పిల్లలు ముగ్గురూ వచ్చారు. డ్యూటీలు మానుకుని, ఇస్త్రీ బట్టలేసుకుని. నర్సమ్మ చీర కట్టుకుంది. వెనక కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళను చూసి మా ఆయన నా వైపు తిరిగాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. చేతులు రెండూ బల్ల కింద పెట్టుకున్నాడు.

ట్రస్టీ మేడమ్ అన్నీ చదివింది. చివర్లో కళ్ళజోడు తీసి, వెనక కూర్చున్నవాళ్ళు ఎవరని అడిగింది. "మీకు ఈయన బాకీ ఉన్నాడా? ఉంటే ఇప్పుడు చెప్పండి, మీ మాట కూడా లెక్కలోకి తీసుకుంటాను," అంది. ఇంత ఇంగ్లీషు నాకూ అర్థమైంది.

వ్యాన్ల పిల్లాడు లేచాడు. ఛాతీ ముందుకు పెట్టి, ఇంగ్లీషులో గట్టిగా చెప్పాడు. "లేదు మేడమ్. నాకేమీ రావాల్సింది లేదు. నేనే ఆయనకు బాకీ. నేను స్టూడెంటుగా ఉన్నప్పుడు వాళ్ళ దగ్గర ఏడాది తిన్నాను. ఒక్క రోజు డబ్బడగలేదు."

నర్సమ్మ లేచింది. "నాకూ ఏమీ రావాల్సింది లేదు."

గోడౌన్ పిల్లాడు లేచాడు. "నాకూ లేదు."

ముగ్గురూ ముందే మాట్లాడుకుని వచ్చారు. ఉన్న మాట చెప్పమన్నాను కదా. వాళ్ళకు ఉన్న మాట అదే. అంకుల్ నెత్తిన బరువు తగ్గిద్దామని వచ్చారు. అప్పులోళ్ళ గదిలో మూడు అప్పులు మాఫీ చేసి పోదామని వచ్చారు.

ట్రస్టీ మేడమ్ మా ఆయన వైపు చూసింది. ఆవిడకేదో అనుమానం వచ్చింది. "నిజంగానే ఏమీ లేదా?" అని ఆయన్నే అడిగింది. అప్పుడు నోరు తెరిచి ఉందని చెప్తే అయిపోయేది. నేను తెలుగులో అన్నాను, అందరి ముందూ, "చెప్పయ్యా, ఉన్నదని చెప్పు, నీకు దండం పెడతా."

ఆయన పిల్లల వైపు చూశాడు. ఆ ముఖాలు ఎట్లా వెలిగిపోతున్నాయో నేనూ చూశాను. జీవితంలో మొదటిసారి అంకుల్‌కి మెషిన్ ఖరాబైందని చెప్తున్నారు వాళ్ళు. ఆ మాట అబద్ధమని ఆయన ఎట్లా అంటాడు? "కూసోండ్రి బిడ్డా," అన్నాడు. అంతే అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "దే గివ్ మనీ. బిగ్ మనీ. వుయ్ గివ్ బ్యాక్" అన్నాను. వాళ్ళను వేలు పెట్టి చూపించాను. మేడమ్‌కి చెప్పాలన్న తొందరే గానీ, పిల్లలకు తెలుగులో విప్పి చెప్పాలని ఆ క్షణాన నాకు తట్టలేదు.

నర్సమ్మ నవ్వింది. ప్రేమగానే నవ్వింది. "ఆంటీ, మీరు ఊరుకోండి. మేము చూసుకుంటాం కదా" అంది. వ్యాన్ల పిల్లాడు మేడమ్‌తో, "ఆంటీ మాకు అమ్మ లాంటిది. ఆమె అట్లానే అంటుంది, పట్టించుకోకండి" అన్నాడు.

మేడమ్ ఇంకోసారి అడిగింది వాళ్ళను. మీకు రావాల్సి ఉంటే మీరే చెప్పాలి, మీ తరఫున ఇంకొకరు చెప్తే కుదరదని కూడా అంది. ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. ఇంకెంత అడుగుతుంది ఆవిడ? కళ్ళజోడు పెట్టుకుంది.

తలల లెక్కన గెలిచాం. డబ్బు లెక్కన ఓడిపోయాం. కొద్దిలో ఓడిపోయాం. ఆ పిల్లలు ఉందంటే, వాళ్ళ బాకీ సరేననే వైపు చేరి మూడు గరిటెలూ నిండేవి. సరుకులాయన వద్దన్నప్పుడు తల ఎత్తలేదు. పోయేటప్పుడు చేతిలో ఉన్న చెక్కని డబ్బా మూత మీద జాగ్రత్తగా పెట్టి పోయాడు.

బయట లిఫ్టు దగ్గర వ్యాన్ల పిల్లాడు ఆయన భుజం మీద చెయ్యేశాడు. "చూసినవా అంకుల్, ఒక్కలం గూడ నోరు జారలే. ఏమైంది, అయిపోయినట్టేనా? ఇల్లు మిగిలినట్టేనా?"

నేను నోరు తెరిచాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు వంగింది.

"అయిపోయింది బిడ్డా. సరుకులాయన ఒప్పుకోలే. మీరు డ్యూటీలకు పోండ్రి," అన్నాడు.

సరుకులాయన్ని వాళ్ళు అక్కడే నిలబడి తిట్టారు. ఇప్పటికీ మా వాళ్ళు ఆయన షాపులో కొనరు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఆ బియ్యం బస్తాల మధ్య అట్లాగే కూర్చుని ఉంటాడు.

ఆ రోజు కార్లో పోరాడాను. ఇప్పుడైనా పిల్లలకు చెప్దాం, మేడమ్‌కి చెప్దాం అని. "చెప్తే ఏమైతది? కోర్టు డేటు గీ వారమే ఉన్నది," అన్నాడు. తర్వాత, "మన ఇల్లు వాళ్ళే తీసిన్రని వాళ్ళకు తెల్వాల్నా? గా పోరి బతికినన్ని దినాలు ఏడుస్తది" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఇల్లు అమ్మారు. సామాను మోయడానికి ఆ ముగ్గురే వచ్చారు. వ్యాన్ల పిల్లాడు గేటు దగ్గర నిలబడి, "దీన్ని గూడ ఇప్పుకపోదామా అంకుల్?" అన్నాడు, నవ్వించడానికి. "గది ఇంటిది బిడ్డా," అన్నాడు ఈయన. చివర్న మేము బయటికి వచ్చాక తనే వేశాడు. అంత మెల్లగా వేశాడు, చప్పుడే కాలేదు.

ఒకరి ఇంటి వెనక చిన్న ఫ్లాట్‌లో దిగాం. క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న మా అమ్మాయి తన దగ్గరికి రమ్మంది. ఈయన పోనన్నాడు. ఆ పిల్లలకు ఇవ్వాల్సింది ఇచ్చేదాకా ఈ ఊరు కదలనన్నాడు. నేను విమానాలకు భోజనాలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో చేరాను. మూత పెట్టడం నా పని. లోపల ఏం కూర ఉందో చూసేంత టైం కూడా ఉండదు. ఆయనకు ఒక కార్ల పార్కింగులో కాపలా పని దొరికింది.

కొన్నాళ్ళకు కొంచెం కూడింది. వ్యాన్ల పిల్లాడు కూరగాయలు పట్టుకుని వచ్చిన రోజు ఈయన కవరు తెచ్చి చేతిలో పెట్టబోయాడు. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అంకుల్, సర్కారోళ్ళ ముంగట నాకేం రావాల్సింది లేదని చెప్పిన. ఇప్పుడు తీస్కుంటే నేను అబద్ధాలకోర్నైత. నన్ను జైలుకు పంపుతవా ఏంది?"

"తీస్కో బిడ్డా. నీ వ్యాను..."

"నా వ్యాను ఎప్పుడో మళ్ల కొన్న. మీ మెషిన్ ఖరాబైంది అంకుల్, పనిచేస్తలేదు," అని నవ్వుతూ పోయాడు.

ఈయన కూడా నవ్వాడు. వాడు పోయాక ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. నర్సమ్మా తీసుకోలేదు, గోడౌన్ పిల్లాడూ తీసుకోలేదు. నిండు రూపాయి ఇస్తానని ఇల్లు పోగొట్టుకున్న మనిషి చేతిలోంచి ఎవరూ ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఆయన్ని విరగ్గొట్టింది ఇల్లు పోవడం కాదు, ఇది. ఇల్లు పోయాక కూడా నడిచాడు, పనికి పోయాడు. ఆ కవరు వెనక్కి వచ్చాక పనికి పోవడం మానేశాడు.

అప్పటి నుంచి అడగడం మొదలుపెట్టాడు. పగలు, సాయంత్రం, ఎప్పుడు పడితే అప్పుడు. "గేటేసినవా?" అని. మతి తప్పలేదు, అన్నీ తెలుసు. ఊరికే నోట్లోంచి వచ్చేది. నేను "ఏసిన" అనేదాన్ని. అంటే తృప్తిగా అటు తిరిగి పడుకునేవాడు.

ఆ రోజు నేను పిండి బకెట్ మూత తీసి చూస్తున్నాను. ఆ ఫ్లాట్‌లో వేడినీళ్ళ అల్మారా లేదు. దుప్పటి చుట్టి పెట్టినా పిండి పులవలేదు, చల్లగా రాయిలా కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడు అడిగాడు. సరిగ్గా అప్పుడే నేను కసిరాను.

పిల్లలూ, నేను చెప్పేది ఒక్కటే. ఎప్పుడైనా అట్లాంటి గదిలో మిమ్మల్ని కూర్చోబెట్టి, నీకు రావాల్సింది ఉందా అని అడిగితే, ఉంటే ఉందని చెప్పండి. సిగ్గుపడకండి, జాలిపడకండి. తర్వాత తీసుకోకపోతే మీ ఇష్టం. కానీ ఆ గదిలో మాత్రం ఉందని చెప్పండి. అప్పున్నవాడు దండం పెట్టించుకోవడానికి పిలవలేదు మిమ్మల్ని. లెక్కలో నిలబడమని పిలిచాడు. మీ మంచితనంతో ఒక ఇంటి కప్పు పీకకండి.

ఆ ముగ్గురూ ఇది చదువుతారు. ఆయన ఉన్నంతకాలం చెప్పనివ్వలేదు. పాడె మోసింది వాళ్ళే. వ్యాన్ల పిల్లాడు ముందు పట్టాడు. తప్పు మీది కాదు బిడ్డా అని చెప్పడానికి నాకు నోరు వస్తుంది, మనసు రాదు. ఆ రెండు మాటలూ రాయి పిల్లా. ఎందుకట్లా చూస్తవ్? రాయి. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి కాదు గదా ఇది.

ఇగ చాలు, గొంతు పోయింది. మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు బిడ్డా. మెల్లగ చదువు. మీ పెద్దనాయిన అడిగిన మాట చదివి జర ఆగు. నా మాట నువ్వు చదవకు. ఆడ నేను చెప్త.